ఓహెఓ గుండాలకి పెద్దవాళ్ళతో, పిల్లాడితో వెళ్ళొచ్చా? అక్కడ నీళ్ళలో దిగనిస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: డిసెంబర్ మూడో వారంలో అమ్మానాన్నలతో, ఆరేళ్ళ బాబుతో హవాయిలోని మౌయి ద్వీపానికి వస్తున్నారు, బస కీహేయిలో. హానా అనే ఊరికి వెళ్ళే హానా రోడ్డు దాటాక ఉండే "సెవెన్ సేక్రెడ్ పూల్స్", అంటే ఈ ఓహెఓ గుండాలే, చూడాలని అమ్మగారి కోరిక. నడక ఎంత, నాన్నగారి మోకాళ్ళకి ఇబ్బందా, ఆ గుండాల్లో స్నానం చేయొచ్చా, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేయొచ్చా. అంతే కదండీ.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. తప్పకుండా వెళ్ళండి. నడక చాలా చిన్నది, చుట్టు మొత్తం అర మైలు, అంటే 800 మీటర్లు. కానీ నీళ్ళలో దిగుతామన్న ఆశ పెట్టుకుని మాత్రం వెళ్ళకండి. మధ్యాహ్నానికి తిరిగి రావడం జరగని పని, రోజంతా దానికే కేటాయించండి. ఇక మిగతాదంతా ఎందుకో, ఎలాగో చెప్పడానికి రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదవండి. మేము మౌయిలో 14 ఏళ్ళుగా ఉంటున్నాం. ఇంటికి ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా ఈ గుండాలుండే కీపహులు తీసుకెళ్ళడం నా వంతు, కాబట్టి మండే ఎండలోనూ, కుండపోత వానలోనూ, పసిపిల్లలతోనూ, 78 ఏళ్ళ మా పెద్దమ్మతోనూ ఆ దారి నడిచాను.

అందరూ అడిగేది నీళ్ళ గురించే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఇది హలెయకలా నేషనల్ పార్కులో సముద్రం ఒడ్డున ఉన్న భాగం, పేరు కీపహులు. పైన కొండల్లోంచి పాలికేయ, పీపీవై అనే వాగులు వచ్చి కలిసి, నల్లని లావా బండల మీద మెట్లు దిగినట్టు ఒక్కో జలపాతం, దాని కింద ఒక గుండం, మళ్ళీ జలపాతం, మళ్ళీ గుండం, ఇలా దిగుతూ చివరికి సముద్రంలో పడతాయి. ఫోటోల్లో ఆ గుండాల్లో జనం ఈత కొడుతూ కనిపిస్తారు. అవి చాలావరకు పాత ఫోటోలు. కొన్నేళ్ళుగా ఎక్కువ కాలం గుండాల్లోకి దిగడాన్ని పార్కువాళ్ళు మూసే ఉంచుతున్నారు, బాట మీది నుంచి చూడటానికి మాత్రం రానిస్తారు. వెళ్ళే ముందు రోజు రాత్రి పార్కు వెబ్‌సైట్లో ఆ రోజు పరిస్థితులు రాసే పేజీ ఒకసారి చూసుకోండి, అక్కడ ఏది రాసి ఉంటే అదే ఖాయం. నా సలహా అడిగితే, తెరిచి ఉందని రాసినా సరే డిసెంబర్‌లో ఆరేళ్ళ పిల్లాణ్ణి దింపకండి.

ఎందుకంటారా? ఆ వాగు స్వభావం తెలియాలి. కీపహులు లోయ పైకొస రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో మొదలవుతుంది, కొద్ది మైళ్ళలోనే సముద్రంలోకి దిగిపోతుంది. అంటే నిటారుగా ఉన్న ఇరుకు లోయ. ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు తడిగాలిని తెచ్చి సరిగ్గా ఆ కొండ ముఖానికే కొడతాయి, పైన అడవి మీద ఏడాది పొడుగునా వాన పడుతూనే ఉంటుంది. ఆ పైభాగం జీవవైవిధ్యం కోసం మూసి ఉంచిన ప్రాంతం, మామూలు మనుషులకి ప్రవేశం లేదు. కాబట్టి అక్కడ ఎంత వాన పడుతోందో కింద గుండం దగ్గర నిలబడ్డ మనకి కనిపించదు. మన నెత్తిన ఎండ కాస్తూ ఉంటుంది, పైన కురిసిన వాన నిమిషాల మీద వాగులోకి దిగేస్తుంది. నీళ్ళు మెల్లగా పెరిగి హెచ్చరించే చెరువు లాంటిది కాదిది. ఉన్నట్టుండి ముంచుకొస్తుంది.

నేను కళ్ళారా చూసింది చెప్తాను. గుండాలు తెరిచి ఉన్న రోజుల్లో, మేము వచ్చిన కొత్తల్లో, ఒక ఫిబ్రవరి ఆదివారం వెళ్ళాం. ఆకాశం నీలంగా ఉంది, చొక్కా తడిసేంత ఉక్క. కింది గుండంలో ఒక పది పదిహేను మంది ఉన్నారు, నేను ఒడ్డున బండ మీద కూర్చుని మా అమ్మాయి కాళ్ళు తుడుస్తున్నాను. మొదట నీళ్ళ మీద ఆకులు వచ్చాయి. ఎండుటాకులు కావు, అప్పుడే తెగిన పచ్చి ఆకులు, వాటితో పాటు వేలెడు మందం పుల్లలు. ఆ తర్వాత పై జలపాతం మధ్యలో తెల్లగా పడుతున్న ధారలో ఒక గోధుమరంగు చార కనిపించింది, పాలలో డికాక్షన్ కలిసినట్టు. మా పక్కనే ఉన్న ఊరి పెద్దావిడ ఒకావిడ లేచి నిలబడి గట్టిగా కేకేసింది, అందరూ బయటికి రండి అని. ఎందుకో తెలియకపోయినా ఆ గొంతు విని అందరూ కదిలారు. చివరి అబ్బాయి ఒడ్డెక్కి చెప్పులు వెతుక్కునేలోగా అంతకుముందు నేను కూర్చున్న బండ మునిగిపోయింది. చప్పుడు కూడా మారిపోయింది, గలగలమనేది పోయి లారీ వెళ్తున్నట్టు కింద నుంచి ఒక మోత. లోపల బండలు దొర్లుతున్న మోత అది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, ఆవిడ చలవ. ఆవిడకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అందుకే ఏ వాగు దగ్గరైనా, ఇదొక్కటే కాదు, పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకు రావడం, నీటి రంగు మారడం, చప్పుడు మారడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా గట్టు ఎక్కేయండి. ఫోన్ కోసమో చెప్పుల కోసమో వెనక్కి తిరగొద్దు. దాటి అవతలికి వెళ్ళి ఉంటే, పొంగుతున్న వాగుని తిరిగి దాటే ప్రయత్నం అసలే చేయకండి, తగ్గేదాకా అవతలే ఉండండి. మోకాలి లోతు వేగం నీళ్ళు చాలు మనిషిని పడగొట్టడానికి.

వరద ఒక్కటే కాదు, ఇంకో మూడు ఉన్నాయి. ఒకటి, రాళ్ళు జారిపడటం. హవాయి కొండలు లావా పొరలతో ఏర్పడినవి, వాన నీళ్ళు పగుళ్ళలోకి దిగి ముక్కలు ఊడుతుంటాయి. 1999 మే 9న ఓఅహు ద్వీపంలోని సేక్రెడ్ ఫాల్స్ దగ్గర ఇలాగే కొండచరియ విరిగిపడి 8 మంది పోయారు, ఆ పార్కుని ఆ తర్వాత ఇంతవరకూ తెరవలేదు. జలపాతం కింద నిలబడి ఫోటో దిగాలనిపించినప్పుడు అది గుర్తు చేసుకోండి. రెండు, లెప్టోస్పైరోసిస్, మనం ఎలుకల జ్వరం అంటాం కదా, అదే. అడవిపందులు, ఎలుకల మూత్రం ద్వారా వాగు నీళ్ళలో ఆ సూక్ష్మజీవులు చేరతాయి, ఒంటి మీద కోతలున్నా, నీళ్ళు కళ్ళలోకో నోట్లోకో వెళ్ళినా పట్టుకోవచ్చు. హవాయిలో ఏ వాగు నీళ్ళయినా, చూడటానికి ఎంత తేటగా ఉన్నా, తాగకూడదు. మూడు, సముద్రం. చివరి గుండం నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రమే, చూస్తే పిల్లలకి దిగాలనిపిస్తుంది. అక్కడ ప్రవాహాలు బలమైనవి, అలలు నేరుగా బండల మీద విరుగుతాయి, లైఫ్‌గార్డులు లేరు. వాగు బురద నీళ్ళు తెచ్చిన రోజుల్లో సొరచేపల భయం కూడా ఉంటుంది. అటు దిగకండి.

ఇదంతా చదివి అమ్మగారు "అయితే ఎందుకురా అంత దూరం" అంటారేమో. దిగకుండా చూడటానికే వెళ్ళాల్సిన చోటు అది. నేను ఎన్నోసార్లు గుండంలో ఈత కొట్టాను, నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆ గుండాలని సరిగ్గా చూడనే లేదు. నీళ్ళలో తల ముంచి లేవడం, పిల్లల్ని లెక్కపెట్టుకోవడం, బండ మీద జారకుండా చూసుకోవడం, ఇంతే సరిపోయేది. మూసేశాక పైనుంచి తీరిగ్గా చూడటం మొదలుపెట్టాక తెలిసింది అక్కడ ఎంత ఉందో.

ముందు పేరు సంగతి చెప్పాలి, ఎందుకంటే అమ్మగారు ఏడు పవిత్ర గుండాలు అనగానే తీర్థం లాంటిది అనుకుని ఉండొచ్చు, మా పెద్దమ్మ అలాగే అనుకుని పసుపు కుంకుమ పొట్లం కూడా తెచ్చుకుంది. "సెవెన్ సేక్రెడ్ పూల్స్" అన్నది హవాయి వాళ్ళు పెట్టిన పేరు కాదు, గత శతాబ్దంలో హానాలో హోటల్ వ్యాపారం కోసం ప్రచారానికి పెట్టుకున్న పేరు. గుండాలు ఏడు కూడా కాదు, అంతకన్నా చాలా ఎక్కువే ఉన్నాయి. అసలు పేరు ఓహెఓ. అలాగని ఆ చోటికి గౌరవం లేదని కాదు, దారి పొడుగునా పాత హవాయి ఇళ్ళ పునాదులు, రాతి గోడలు ఉంటాయి, అవి వాళ్ళ పూర్వీకులు బతికిన ఊళ్ళు. వాటి మీద ఎక్కొద్దు, రాళ్ళు కదపొద్దు, గుర్తుగా ఒక్క రాయి కూడా తెచ్చుకోవద్దు. పూలు, కుంకుమ వేయడం కూడా వద్దు, పెద్దమ్మకి అదే నచ్చజెప్పాను, చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది, చాలు కదా.

ఇక నడక. బాట పేరు కులోవా పాయింట్ ట్రెయిల్. కారు పార్క్ చేసిన చోటు నుంచి విజిటర్ సెంటర్, అక్కడి నుంచే మొదలు. సముద్రం వైపు దిగుతూ వెళ్ళి, గుండాల పక్కనుంచి తిరిగి పైకి వచ్చేసే చుట్టు. దిగేది ఎక్కేది కలిపి చూస్తే ఎత్తు తేడా 25 మీటర్ల లోపే. మామూలు నడక మనిషికి అరగంట, మీకు గంట వేసుకోండి. నాన్నగారి మోకాళ్ళ సంగతికొస్తే, ఎక్కడం కన్నా దిగడమే ఇబ్బంది, కొన్ని చోట్ల రాతి మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చెట్ల వేర్లు పైకి తేలి ఉంటాయి, వాన పడితే ఆ వేర్లు సబ్బు రాసినట్టు జారతాయి. ఒక చేతికర్ర ఇవ్వండి, రెండైతే మరీ మంచిది, చెప్పులు వద్దు, అడుగున పట్టు ఉన్న షూ వేయించండి. మా పెద్దమ్మ రెండు మోకాళ్ళూ అరిగినావిడే, నెమ్మదిగా, మధ్యలో మూడుసార్లు ఆగి, హాయిగా తిరిగి వచ్చింది. చక్రాల కుర్చీకి మాత్రం అనువైన బాట కాదు, పిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్ కూడా మోసుకు తిరగాల్సి వస్తుంది.

ఆ బాటలో అమ్మగారికి తప్పకుండా చూపించాల్సింది ఒకటుంది. దిగుతుంటే గట్టు మీద గుంపుగా చెట్లు, కాండం అడుగున ఊతకర్రలు పాతినట్టు వేర్లు గాల్లోంచి నేలకి దిగి ఉంటాయి, ఆకులు పొడుగ్గా కత్తుల్లా, అంచున ముళ్ళు, కాయ చూస్తే అనాసపండు లాగా. హవాయిలో దాన్ని హల అంటారు. మా పెద్దమ్మ ఆకు అంచు వేలితో తడిమి "ఇది మొగలి కదే" అంది. నిజంగానే అదీ మొగలి జాతి చెట్టే. ఇక్కడివాళ్ళు ఆ ఆకుల ముళ్ళు తీసి, ఎండబెట్టి, చీల్చి చాపలు అల్లుతారు, పూర్వం పడవల తెరచాపలు కూడా దాంతోనే. అలాగే కీపహులులో చేమ పండిస్తారు, వాళ్ళ భాషలో కలో, కీపహులు ఓహానా అనే స్థానికుల సంస్థ ఒకటి పార్కు లోపలే పాత పద్ధతిలో మళ్ళలో నీళ్ళు పెట్టి సాగుచేస్తోంది. మన పెద్దవాళ్ళకి జలపాతం కన్నా ఈ చెట్లూ ఆకులూ చూస్తేనే ముఖం వెలుగుతుంది, చాలాసార్లు గమనించాను.

గుండాల దగ్గరకి వచ్చాక తొందరపడి ఫోటో తీసుకుని వెళ్ళిపోకండి. పదిహేను నిమిషాలు ఒక్కచోట నిలబడండి. నీళ్ళు పడేచోట బండ ఎలా గుండ్రంగా తొలుచుకుపోయిందో చూడండి. ధార తెచ్చిన గులకరాళ్ళు అడుగున సుళ్ళు తిరుగుతూ రాతిని రాతితోనే అరగదీస్తాయి, అలా ఏర్పడినవే ఆ గుండాలు. ఒక మెట్టు మీది నీళ్ళు పచ్చగా, కింది మెట్టువి కాస్త నీలంగా కనిపిస్తాయి, లోతు తేడా అది.

బాబుకి చెప్పడానికి ఒక కథ ఇస్తాను, కట్టుకథ కాదు, అక్కడ ఇప్పటికీ జరుగుతున్నదే. ఆ వాగులో ఓఓపు అనే చిన్న చేపలుంటాయి. గుడ్లు వాగులోనే పెడతాయి, పిల్లలు గుడ్లలోంచి బయటికి రాగానే ప్రవాహంలో కొట్టుకుపోయి సముద్రంలో పడతాయి. కొన్ని నెలలు అక్కడ పెరిగి, అంగుళం పొడవు అయ్యాక మళ్ళీ వాగు నోటిలోకి వచ్చి పైకి ఎక్కడం మొదలుపెడతాయి. అవును, జలపాతాలు ఎక్కుతాయి. పొట్ట కింద రెక్కలు రెండూ కలిసిపోయి ఒక చిన్న గిన్నెలా అయి ఉంటాయి, దాంతో తడిబండకి అతుక్కుంటాయి. గుండాలు తెరిచి ఉన్న కాలంలో ఒకసారి నేను ముఖం బండకి జానెడు దూరంలో పెట్టి చూశాను. వేలి గోరంత వెడల్పు, గాజుముక్క లాగా ఒళ్ళు, నల్లని కళ్ళు. నీళ్ళు పలచగా జారుతున్నచోట అతుక్కుని ఉంది, ఒక్కసారి ఒళ్ళు విదిల్చి అంగుళం పైకి జరిగింది, మళ్ళీ అతుక్కుంది, చాలాసేపు కదల్లేదు, అలసట తీర్చుకుంటోందేమో అనిపించింది. మళ్ళీ ఒక విదిలింపు. పక్క ద్వీపంలో 442 అడుగుల అకాకా జలపాతం పైన కూడా ఈ జాతిలో ఒక రకం చేప దొరుకుతుంది, అంటే అంతెత్తూ ఇలాగే అంగుళం అంగుళం ఎక్కి వచ్చిందన్నమాట. వందలాది మంది సన్‌స్క్రీన్ పూసుకుని ఆ నీళ్ళలో దిగకపోవడం ఆ చేపకి మంచిదే కదండీ. గుండాలు మూసేశారని నాకు మొదట్లో కోపం వచ్చిన మాట వాస్తవం, ఈ చేప సంగతి తెలిశాక ఆ కోపం పోయింది.

బాట సముద్రం దగ్గరికి చేరే మొనలో నిలబడి సముద్రం వైపు కూడా చూడండి. డిసెంబర్‌కి హంప్‌బ్యాక్ తిమింగలాలు రావడం మొదలవుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఇంకా ఎక్కువ, కానీ మీకూ దూరంగా ఒక నీటి చిమ్ము కనిపించే అవకాశం ఉంది. మబ్బు లేకపోతే అలెనుయిహాహా జలసంధి అవతల హవాయి పెద్ద ద్వీపం కొండలు నీడలా కనిపిస్తాయి.

ఇప్పుడు ప్రయాణం, ఇందులోనే చాలామంది తప్పు చేస్తారు. మ్యాపులో చూస్తే దూరం ఏమంత లేదనిపిస్తుంది. హానా రోడ్డులో 600 పైన మలుపులు, 59 వంతెనలు, వాటిలో ఎక్కువభాగం ఒక్క కారు పట్టేవే. ఎక్కడా ఆగకపోయినా కీహేయి నుంచి హానాకి రెండున్నర, మూడు గంటలు, హానా దాటాక కీపహులు ఇంకో 12 మైళ్ళు, ఆ 12 మైళ్ళకే 40 నిమిషాలు పడుతుంది, దారి మరీ ఇరుకు. మా బంధువుల కుటుంబం ఒకటి, నేను పదిసార్లు చెప్పినా వినకుండా, హోటల్లో టిఫిన్ ముగించుకుని పదింటికి బయల్దేరింది. దారిలో కనిపించిన ప్రతి జలపాతం దగ్గరా ఆగారు. కీపహులు చేరేసరికి నాలుగైంది. అరగంట చూశారో లేదో వెనక్కి తిరగాల్సి వచ్చింది, ఆ రోడ్డంతా చీకట్లో, వానలో, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు వాంతులు. వాళ్ళు ఇప్పటికీ మౌయి అంటే ఆ రాత్రినే తలుచుకుంటారు, నాకు చాలా బాధనిపిస్తుంది, అంత మంచి చోటుకి వచ్చి.

మీరు పొద్దున ఆరింటికే బయల్దేరండి. డిసెంబర్‌లో సూర్యోదయం ఏడు ప్రాంతంలో, కాబట్టి మలుపులు మొదలయ్యే చోటికి వెలుతురు వచ్చేస్తుంది. వెళ్ళేటప్పుడు దారిలో ఎక్కువ ఆగకుండా నేరుగా కీపహులు వెళ్ళిపోండి, పదింటికల్లా చేరతారు, అప్పటికి జనం పల్చగా ఉంటారు, పార్కింగ్ దొరుకుతుంది. ఆగడాలన్నీ తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. వైలువా జలపాతం కీపహులు, హానాల మధ్యలో రోడ్డు పక్కనే ఉంటుంది, నాన్నగారు కారు దిగక్కర్లేకుండా చూడొచ్చు. ఒంటిగంటకల్లా కీపహులు వదిలేయండి, సూర్యాస్తమయం ఆరు లోపే అయిపోతుంది, వెలుతురు ఉండగానే మలుపులు దాటేయాలి. బాబుకి కడుపులో తిప్పే అలవాటు ఉంటే డాక్టర్ని అడిగి ముందే మందు వేయండి, కారులో ఫోన్ చూడనివ్వకండి. వెనక స్థానికుల కారు వస్తుంటే పక్కకి తీసి దారి ఇవ్వండి, వాళ్ళు పనులకి పోయేవాళ్ళు.

డబ్బు, సమయం ఉంటే మాత్రం హానాలో ఒక రాత్రి ఉండండి. పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఇదే. వెళ్ళే రోజు, వచ్చే రోజు వేరైతే ఆ రోడ్డే ఒక ఆనందం.

టిక్కెట్ సంగతి. ఒక్కో ప్రైవేటు కారుకి 30 డాలర్లు, ఎంతమంది ఉన్నా అంతే, కార్డుతోనే కట్టాలి, నగదు తీసుకోరు. అదే రసీదు మూడు రోజులు చెల్లుతుంది, హలెయకలా శిఖరానికి కూడా. కాబట్టి మూడు రోజుల లోపే శిఖరం కూడా పెట్టుకుంటే ఒక్క ఖర్చుతో రెండూ అయిపోతాయి. కానీ రెండింటికీ మధ్య పార్కు లోపల రోడ్డు లేదు, ఒకే రోజులో రెండూ అనుకోకండి. శిఖరం మీద సూర్యోదయానికి విడిగా ముందస్తు రిజర్వేషన్ కావాలి, కీపహులుకి అక్కర్లేదు. అమ్మగారికో నాన్నగారికో గ్రీన్‌కార్డు ఉండి 62 దాటి ఉంటే సీనియర్ పాస్ తీసుకోవచ్చు, ఆ పాస్‌తో కారు మొత్తానికీ చెల్లిపోతుంది. విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే అది వర్తించదు. దారిలో నల్ల ఇసుక బీచ్ ఉండే వైఆనపనప చూడాలనుకుంటే అది స్టేట్ పార్కు, ఈ రసీదు పనికిరాదు, ముందుగానే ఆన్‌లైన్లో సమయం బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే వెనక్కి పంపేస్తారు.

కీపహులులో తిండి అమ్మే అంగడి లేదు, గ్యాస్ లేదు, ఫోన్ సిగ్నల్ ఆశించొద్దు. హానాలో ట్యాంకు నింపుకోండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, పులిహోరో పెరుగన్నమో కట్టుకోండి, దోమల మందు, పల్చటి రెయిన్‌కోటు, బాబుకి ఒక జత పొడి బట్టలు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంకో మాట, కీపహులు దాటి ద్వీపం వెనకవైపు నుంచి చుట్టి వెళ్ళే దారి కొంతమేర సరైన రోడ్డు కాదు, కొన్ని అద్దె కార్ల ఒప్పందాలు ఆ దారిని ఒప్పుకోవు, మీ కాగితం చదువుకోకుండా అటు పోకండి. వచ్చిన దారినే వెనక్కి రండి.

మీలో ఎవరికైనా ఇంకా నడవాలని ఉంటే, రోడ్డు అవతల పీపీవై ట్రెయిల్ ఉంది, రానూపోనూ 4 మైళ్ళు, 800 అడుగుల ఎత్తు. అర మైలు దగ్గర మకహికు జలపాతం పైనుంచి కనిపిస్తుంది, ఆ తర్వాత పెద్ద మర్రిచెట్టు, వెదురు అడవి, చివర 400 అడుగుల వైమోకు జలపాతం. వెదురు గాలికి ఒకదానికొకటి తగిలి చేసే చప్పుడు కోసమే నేను ఆ దారి నడుస్తాను. కానీ బురద, మెట్లు, మూడు గంటలు. నాన్నగారికి వద్దు, అమ్మగారికి ఓపిక ఉంటే మర్రిచెట్టు దాకా వెళ్ళి రావొచ్చు. మీరొక్కరే చివరిదాకా వెళ్తే జలపాతం ముందు పెట్టిన హెచ్చరిక బోర్డు దాటకండి, రాళ్ళు పడేది అక్కడే.

బాబు నీళ్ళలో ఆడాల్సిందే అంటే దానికి వేరే రోజు పెట్టుకోండి. మీ బస కీహేయిలోనే కదా, అక్కడ కమఓలే బీచ్ పార్కులు మూడు ఉన్నాయి, లైఫ్‌గార్డులు ఉంటారు, పొద్దున పూట అలలు నెమ్మదిగా ఉంటాయి. ముందు రోజు సాయంత్రం బీచ్‌లో కడుపునిండా ఆడించి తీసుకొస్తే కీపహులులో దిగుతానని పేచీ పెట్టడు, మా పిల్లలతో ఇదే చేసేవాళ్ళం. మీరు వచ్చే వారం వాతావరణం ఎలా ఉందో రెండు రోజుల ముందు ఇక్కడే అడగండి. కొండ మీద భారీ వానలు, వరద హెచ్చరిక ఉంటే ఆ రోజు వదిలేసి ఇంకో రోజుకి మార్చుకోండి, అందుకే కీపహులుని మీ ట్రిప్‌లో చివరి రోజుకి కాకుండా మొదటి రెండు మూడు రోజుల్లో పెట్టుకోమంటాను.